చెయ్యి చాచిన బొమ్మ

నాగరత్నకు పక్షులంటే ప్రేమా లేదు, బొమ్మలంటే మోజూ లేదు. ఆదివారం పూట రెండు దుప్పట్లు కప్పుకుని ఎండ గదిలోకి వచ్చేదాకా పడుకోవడం ఒక్కటే ఆమెకు తెలిసిన షికారు. అలాంటి మనిషి డిసెంబరు చలిలో, ఇంకా చీకటి విడవకముందే, చెవులకు మఫ్లరు చుట్టుకుని రాబర్ట్‌సన్‌పేట బస్టాండు దగ్గర టెంపో కోసం నిలబడిందంటే ఊరికే నిలబడుతుందా? ఆ టెంపోలో శ్రీనివాసమూర్తి వస్తున్నాడు. అతణ్ణి పదిమంది ముందు నిలబెట్టి సిగ్గు తీయాలని నాగరత్న ముప్పై ఏళ్ళుగా కాచుకుని ఉంది.

ఈ షికారు ఏర్పాటు చేసింది వినుత. నాగరత్న ఆఫీసరుగా ఉన్న బ్యాంకులోనే రెండేళ్ళ కిందట చేరిన పిల్ల. చలికాలం వచ్చిందంటే చాలు, మెడలో దుర్భిణీ వేలాడేసుకుని, తనలాంటి పిచ్చివాళ్ళను నలుగురిని పోగేసుకుని చెరువుల వెంట తిరుగుతుంది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. ఆ పిల్ల ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది, ఈసారి పొద్దున బేతమంగళం చెరువులో పక్షులు, ఆపైన తమక అనే ఊరి దగ్గర కొత్తగా తెరిచిన చిత్రశాల అని. పేరుమోసిన ఆర్టిస్టు శ్రీనివాసమూర్తిగారే వెంట ఉండి తన బొమ్మలు తనే చూపిస్తారని కూడా చెప్పింది. నాగరత్న నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కాసేపటికి మింగి, తన పేరు కూడా చేర్చుకోమంది. వినుత ఎగిరి గంతేసింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు.

అసలు కథ ఇక్కడిది కాదు, మారికుప్పంలో గని కూలీలుండే లైన్లది. నాగరత్న తండ్రి హనుమప్ప కుప్పం పక్క పల్లె నుంచి వచ్చి బంగారు గనిలో దిగినవాడు. ఒకనాడు లోపల, ఎండ ఎన్నడూ చూడని లోతులో, బండలు పగిలి సొరంగం కూలింది. కొందరి శవాలు పైకి వచ్చాయి. హనుమప్పది రాలేదు. తవ్వి తవ్వి, ఇంక లాభం లేదని ఆ దారి మూసేశారు. అలా పోయినవాళ్ళ పెళ్ళాలకు ఆ లైన్లలో ఒక నియమం ఉండేది. నేల మింగినవాడికి నేలమీద కూడు పెట్టకూడదు. ఆకు వేయకూడదు, గోడమీదా పెట్టకూడదు. అమావాస్యనాడు తలంటుకుని, అరచేతిలో ముద్ద పెట్టుకుని, చెయ్యి ఆకాశానికి చాచి కాకిని పిలవాలి. కాకి చేతిమీద వాలి తినిపోతే కిందున్నవాడి కడుపు నిండినట్టు.

నాగరత్న తల్లి గంగులమ్మ ఆ నియమం ఒక్క అమావాస్యకు కూడా తప్పలేదు. గని ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి ఇద్దరు పిల్లల్ని సాకింది. మహా పట్టుదల మనిషి. పక్కింటికి వెళ్ళి చారెడు ఉప్పు బదులడిగిన పాపాన పోలేదు. అంతటి మనిషి చెయ్యి చాచిందంటే అది ఒక్క మొగుడి కోసమే, అదీ పెట్టడానికే గానీ తీసుకోవడానికి కాదు.

అప్పట్లో శ్రీనివాసమూర్తి అక్కడి స్కూల్లో డ్రాయింగు మాస్టరు. గని ఆఫీసులో గుమాస్తా కొడుకు, మంచి క్వార్టర్సులో పెరిగినవాడు. ఒక అమావాస్య పూట సైకిల్ మీద పోతూ పోతూ, వీధిలో చెయ్యెత్తి నిలబడిన గంగులమ్మను చూసి ఆగాడు. సైకిల్ గోడకానించి బొమ్మ గీసుకున్నాడు. గంగులమ్మ కోప్పడలేదు. తన మొగుడు తినేది ఒక చదువుకున్న అయ్య బొమ్మ రాస్తున్నాడని లోలోపల మురిసింది కూడా. ఎండలో నిలబడ్డాడు కదా అని లోటా నిండా మజ్జిగ పోసింది. పద్నాలుగేళ్ళ నాగరత్నే ఆ లోటా తీసుకెళ్ళి ఇచ్చింది.

మరుసటేడు ఆ బొమ్మ క్యాలెండరు మీద వచ్చింది. గంగులమ్మ ముఖమే, గంగులమ్మ చీరే, ముంజేతిమీద పచ్చబొట్టు తేలు కూడా కొండితో సహా ఉన్నది ఉన్నట్టే. చేతిలో ముద్ద మాత్రం లేదు. ఉత్త చెయ్యి. కింద పేరు 'బిచ్చగత్తె'. ఆ క్యాలెండరు మంగలి షాపులో వేలాడింది, రేషను కొట్లో వేలాడింది, తెలిసినవాళ్ళ ఇళ్ళలో వేలాడింది. ఆ తేలును గుర్తుపట్టనివాళ్ళు లైన్లలో ఎవరున్నారు? పిల్లలు నాగరత్న వెనకాల చేతులు చాపి 'ధర్మం చెయ్ తల్లీ' అని పాడారు. తమ్ముడు మునేష్ ఒకణ్ణి కొట్టబోయి, తనే దెబ్బలు తిని పన్ను ఊడగొట్టుకుని వచ్చాడు. గంగులమ్మ ఎవర్నీ ఒక్కమాట అనలేదు. కాని ఆ తరవాతి అమావాస్యకు వీధిలో నిలబడలేదు. పెరట్లో బట్టలుతికే బండమీద ముద్ద పెట్టి పక్కకు తప్పుకుంది. కాకి వచ్చింది, తల అటూ ఇటూ తిప్పి చూసింది, ముట్టకుండా పోయింది. ఎట్లా ముడుతుంది మరి? ఆ పైన ఎప్పుడూ ముట్టలేదు. గంగులమ్మ చనిపోయేనాడు కూడా 'మీ నాయన పస్తుండాడు' అనే కలవరించింది. నాగరత్నా మునేషూ ఉద్యోగస్తులయ్యారు, ఇళ్ళు కట్టుకున్నారు, అయినా అమావాస్యనాడు చెయ్యి చాచే ధైర్యం ఇద్దరికీ రాలేదు. చెయ్యి లేపబోతే చాలు, ఆ పాట చెవిలో వినబడేది.

చిత్రశాల తెరిచిన కొత్తల్లో మునేష్ వెళ్ళి చూసి వచ్చాడు. అదే బొమ్మ, అదే పేరు, ఇప్పుడు బంగారు రంగు చట్రంలో. నాగరత్న ఫోన్ చేసి పేరు మార్చమని అడిగితే అక్కడివాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. పేరు పెట్టడం ఆర్టిస్టు ఇష్టమట, ఆయన ఒక్కమాట అంటే నిమిషంలో మారుస్తారట. సరే, ఆయన చేతనే అనిపిస్తానని నాగరత్న అనుకుంది. అనిపించే ముందు ఆయన్ను నలుగుర్లో ఉతికి ఆరేస్తానని కూడా అనుకుంది. వారం రోజులుగా వంట చేస్తూ, బస్సెక్కుతూ, బ్యాంకులో కూర్చుని కూడా ఆ మాటలే నూరుకుంటూ ఉంది.

టెంపో వచ్చింది. ముందు సీట్లోనే ఉన్నాడు శ్రీనివాసమూర్తి. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పంచె, భుజాల చుట్టూ పాత శాలువా, గీయని తెల్లగడ్డం. ఒళ్ళో ఒక స్టీలు డబ్బా. దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. నాగరత్నను చూసి నవ్వి, "రామ్మా, చలి జాస్తి ఉండాది, కిటికీ వేసుకో" అన్నాడు. ఆమె గుర్తుపట్టింది, అతను గుర్తుపట్టలేదు. లోటా ఇచ్చిన పిల్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆమె వెనక సీట్లోకి పోయి కూర్చుంది.

బేతమంగళం చెరువు మీద మంచు పొగలా పరుచుకుని ఉంది. ఎండ వచ్చేకొద్దీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎర్రకాళ్ళ కొంగలు, సూదితోక బాతులు, ఎక్కడో మంచుదేశాల నుంచి వచ్చాయని వినుత చెప్పిన బాపన బాతులు. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ఉన్నమాట చెప్పాలంటే చూడదగ్గ దృశ్యమే, కాని నాగరత్న కళ్ళు శ్రీనివాసమూర్తి మీదే ఉన్నాయి. ఆ ముసలాయన బాతుల్ని చూడటం లేదు. దుర్భిణీ ఇస్తే వద్దన్నాడు. కరెంటు తీగల మీదా, తుమ్మచెట్ల మీదా దేనికోసమో వెతుకుతున్నాడు. చివరికి ఆగలేక వినుతను అడిగాడు, ఇక్కడ కాకులు లేవా అని. వినుత నవ్వి, నీళ్ళలో మునిగి లేస్తున్న నల్లటి పక్షులను చూపించి, కావలసినన్ని నీటికాకులున్నాయి సార్ అంది. అవి కాదు తల్లీ, ఉత్త కాకి, ఇంటి కాకి అన్నాడు ఆయన.

అప్పుడు బయటపడింది సంగతి. ఆయన భార్య రాజలక్ష్మి వానాకాలంలో పోయింది. ఈ రోజు అమావాస్య, ఆమె నెల తిథి. పోయిన నెలల్లో ఇంటి మిద్దెమీద ముద్ద పెడితే కాకి రాలేదు, కోతులు వచ్చి ఎత్తుకుపోయాయి. అమ్మ తినలేదని కూతురు ఏడ్చింది. పక్షులు చూసేవాళ్ళకు కాకి ఎక్కడుంటుందో తెలియకుండా పోతుందా, వాళ్ళతో వెళ్ళు నాన్నా అని తెల్లవారకముందే వండి, ముద్దలు చేసి డబ్బాలో పెట్టి పంపింది. కాకి ముట్టేదాకా ఈయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడట.

అందరూ అయ్యో అన్నారు. నాగరత్న అనలేదు. ఆమెకు జాలి వేసిందని చెబితే అబద్ధమే అవుతుంది. ఆమెకు ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని మనసులోనే అనుకుంది. అంతలో రెండు కాకులు వచ్చి తీగమీద కూర్చున్నాయి కూడా. ముసలాయన ఆత్రంగా డబ్బా మూత తీశాడు, మిగతావాళ్ళు కెమెరాలు ఎత్తారు, అవి బెదిరి లేచిపోయాయి. కాకిని అలా పిలవరని నాగరత్నకు తెలుసు. దాని కళ్ళలోకి చూడకూడదు. కదలకూడదు. గొంతు పెంచకూడదు. తల్లి పక్కన నిలబడి ఎన్ని అమావాస్యలు నేర్చుకుంది. ఒక్కమాట చెప్పి ఉంటే ఆయన పని అక్కడే అయిపోయేది. ఆమె చెప్పలేదు.

చెరువు కట్టమీద అందరూ కూర్చుని ఇడ్లీ పొట్లాలు విప్పారు. తినకుండా కూర్చున్న పెద్దాయన్ను ఊరడించడానికి ఎవరో ఆయన బొమ్మల మాటెత్తారు. అన్నిట్లోకీ పేరు తెచ్చింది ఏదని అడిగారు. అడిగిందే తడవు ఆయన ముఖం వెలిగింది. మారికుప్పంలో ఒక బిచ్చగత్తె, అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎదురుపడి చెయ్యి చాచింది, అన్నాడు. ఆ కళ్ళలో ఆకలి చూసి తన కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయట. జేబులో ఉన్న అయిదు రూపాయలూ ఆమె చేతిలో పెడితే, ఏడ్చి కాళ్ళకు దండం పెట్టిందట. ఈ రోజుకీ ఆ కన్నీళ్ళు తన పాదాల మీద ఉన్నట్టే ఉంటుందట.

నాగరత్న చేతిలో ఇడ్లీ నలిగిపోయింది. బొమ్మలో ముద్ద తీసేసింది చాలక, ఇన్నేళ్ళూ ఊరూరా ఈ కట్టుకథ కూడా చెప్పుకు తిరుగుతున్నాడన్నమాట. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. కన్నీళ్ళట, కాళ్ళకు దండమట. గంగులమ్మ దేవుడికి తప్ప ఎవరికీ తలవంచి ఎరగదు. నాగరత్న లేవబోయింది. నోటిదాకా వచ్చింది మాట. కాని ఇక్కడ కాదు, ఆ బొమ్మ ముందరే నిలబెట్టి అడగాలి అనుకుని పళ్ళు బిగపట్టుకుంది.

తమక దగ్గర, రేకుల షెడ్లూ చిన్న ఫ్యాక్టరీలూ దాటాక, తెల్లగా సున్నం కొట్టిన కొత్త కట్టడం. అదే చిత్రశాల. మొదటి గదుల్లో ఆయన గీసిన పక్షులు, పాత గని తాలూకు ఇనుప గోపురాలు, గనిమట్టి పోసిన సైనైడు దిబ్బల మీద పొద్దుగూకడం. నిజం ఒప్పుకోవాలంటే బాగున్నాయి కూడా. అది నాగరత్నకు ఇంకా మంటెక్కించింది. చేతకానివాడు చెడగొడితే సరిపెట్టుకోవచ్చు. ఇంత చెయ్యి తిరిగినవాడు అన్యాయం చేస్తే ఏమని సరిపెట్టుకోవాలి?

నడిమి గదిలో ఆ బొమ్మ. క్యాలెండరు మీద జానెడు ఉండేది ఇక్కడ మనిషంత ఉంది. నాగరత్న గడప దగ్గరే ఆగిపోయింది. అమ్మ. ముక్కుపుడక, చెవి వెనక జారిన వెంట్రుకలు, తలంటుకున్న తడి, అన్నీ ఉన్నాయి. పైకెత్తిన కళ్ళు. ఆ కళ్ళు కాకిని చూస్తున్నాయి, వస్తుందా రాదా అని. వచ్చినవాళ్ళలో ఒకామె గుండెమీద చెయ్యి వేసుకుని, ఆకలి ఎట్లా కనబడుతోందో చూడండి అంది. ఇంకొకాయన ఫొటో తీసుకున్నాడు. శ్రీనివాసమూర్తి పక్కన నిలబడి నిమ్మకు నీరెత్తినట్టు మళ్ళీ అదే కథ, అవే అయిదు రూపాయలు, అవే కన్నీళ్ళు.

వారం రోజులు నూరుకున్న మాటల్లో ఒక్కటైనా నోరు దాటి రావాలి కదా. రాలేదు. అమ్మను ఆ కొలతలో చూసేసరికి ఆమె పద్నాలుగేళ్ళ పిల్ల అయిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుస్తూ తిడితే నవ్వుతారు. గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. వరండాలో నీళ్ళ కొళాయి కింద ముఖం పెట్టి, తనను తానే తిట్టుకుంది. ఇంత దూరం వచ్చి, ఇంత చలిలో లేచి, ఒక్కమాట అడగలేని దద్దమ్మ అని తిట్టుకుంది.

మధ్యాహ్నం అందరూ వరండాలో భోజనాలకు కూర్చున్నారు. శ్రీనివాసమూర్తి డబ్బా పట్టుకుని ఒక్కడే పెరట్లోకి పోయాడు. ప్రహరీ గోడమీద ముద్ద పెట్టి దూరంగా నిలబడ్డాడు. కాకి రాలేదు గాని ఒక కుక్క వచ్చింది. గోడమీద ముందుకాళ్ళు పెట్టి ఎగబాకింది. ఆయన దాన్ని అదిలించాడు, అది పోయినట్టే పోయి మళ్ళీ వచ్చింది. ఇంక లాభం లేదని ముద్ద చేతిలోకి తీసుకుని, కుక్కకు అందకుండా చెయ్యి చాచి పైకెత్తి పట్టుకున్నాడు. "కా... కా..." అన్నాడు. పొద్దుటినుంచీ నీళ్ళు లేని గొంతు, సగంలో తెగిపోయింది. మాసిన గడ్డం, జారిన శాలువా, వణుకుతున్న చెయ్యి, ఆకాశం వైపు కళ్ళు.

నాగరత్న అన్నం కలుపుతున్నదల్లా ఆగి చూసింది. అందరూ చూస్తున్నారు. ఆమె లేచింది. చెయ్యి కడుక్కుంది. పర్సు తీసి అందులోంచి ఒక పది రూపాయల బిళ్ళ ఏరుకుంది. పెరటి మెట్లు దిగి, తొందరేమీ లేకుండా నడిచి ఆయన ముందు నిలబడి, ఆ బిళ్ళను చేతిలోని అన్నం మీద పెట్టి బొటనవేలితో నొక్కింది.

"తీసుకో తాతా" అంది.

ఆయన చెయ్యి దించి చూసుకున్నాడు. తెల్లటి అన్నంలో కూరుకుపోయిన బిళ్ళ. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"ఏందమ్మా ఇది? నేనేమన్నా బిచ్చగాణ్ణా?"

"మా అమ్మ గూడా కాదు సార్."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఆపలేదు. ఎక్కడ దాక్కున్నాయో గాని, మాటలు ఇప్పుడు వాటంతట అవే వచ్చాయి.

"లోపల మీరు చెయ్యి చాపిచ్చి నిలబెట్టినారే, ఆయమ్మ నా తల్లి. గంగులమ్మ. మా నాయనకు కూడు పెడతా ఉండింది. మీ దగ్గర అయిదు రూపాయలు తీసుకోలేదు, మీ కాళ్ళు పట్టుకోలేదు. మీకే మజ్జిగ పోసింది. తెచ్చి ఇచ్చింది నేను. తాగినారు గదా, మతికుందా?"

వినుత పరుగెత్తుకొచ్చింది, ఏంది మేడం ఈ పని, పెద్దాయన, అందులోనూ తిథినాడు అంటూ. నాగరత్న ఆ పిల్లను పక్కకు జరిపి, వరండాలో ఉన్నవాళ్ళకందరికీ వినబడేలా మొత్తం చెప్పింది. గనిలో ఉండిపోయిన హనుమప్ప గురించి, నేలమీద పెట్టకూడని ముద్ద గురించి, మంగలి షాపులో క్యాలెండరు గురించి, ఊడిన పన్ను గురించి, ముట్టకుండా పోయిన కాకి గురించి. చెబుతుండగా ఎవరూ ముద్ద నోట పెట్టలేదు. ఇందాక ఆకలి చూడండి అన్న ఆమె తల దించుకుంది. శ్రీనివాసమూర్తి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆయన చేతిలోంచి ముద్ద జారిపోయింది. కుక్క వచ్చి బిళ్ళ వదిలేసి అన్నం తినిపోయింది.

ఆయన కిందపడిన బిళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. "అన్నం ఉండింది. నేను చూసినాను. తెల్లగా అరచేతిలో అన్నముంటే చూపంతా ఆడికే పోతా ఉండె, ముఖం మీదికి రాకుండె. అందుకని తీసేసినాను. తీసేసినాక బొమ్మ నిలబడింది."

"మీ బొమ్మ నిలబడింది. మా అమ్మ పడిపోయింది" అంది నాగరత్న.

ఆ అయిదు రూపాయల సంగతేమిటని వినుతే అడిగింది. జనం ఎవరామె ఎవరామె అని అడుగుతూ ఉంటే, తెలియదనడం బాగుండదని ఒకసారి అన్నాడట. అన్నాక ఏటేటా అది పెరిగిందట. ఇప్పుడు తనకే అది నిజమనిపిస్తుందట. అంత నిదానంగా చెప్పాడు, జరిగినదాన్ని ఎవరి కథో చెప్పినట్టు. నాగరత్నకు మళ్ళీ ఒళ్ళు మండింది. సారీలూ గీరీలూ తనకొద్దనీ, ముందు లోపలికి నడిచి ఆ పేరు తీయించమనీ అంది.

ఆయన నడిచాడు. చిత్రశాల మేనేజరును పిలిచి పేరు పలక విప్పించాడు. తెల్లకాగితం, నల్లసిరా పెన్ను తెప్పించి బల్లమీద వంగి, ఏం రాయమంటావని అడిగాడు. నాగరత్న ఒక్కొక్క మాటే చెప్పింది. 'గంగులమ్మ. గనిలో పోయిన హనుమప్ప భార్య. కాకి చేత భర్తకు అన్నం పెడుతోంది. చేతిలో ముద్ద ఉండేది.' అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఆ కాగితం బొమ్మ కింద అంటించి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరూ మళ్ళీ చదివారు, మళ్ళీ బొమ్మ వైపు చూశారు. ఈసారి ఎవరూ ఆకలి మాట ఎత్తలేదు.

కోరింది జరిగింది కదా, నాగరత్న కడుపు చల్లబడిందా అంటే, లేదు. కాగితం మీద పేరు మారింది, బాగానే ఉంది. గని లోపల ఉన్నవాడి పస్తు తీరిందా? ముప్పై ఏళ్ళు. ఆ లెక్క ఏ కాగితం తీర్చాలి?

అందరూ బయటికి వచ్చాక శ్రీనివాసమూర్తి ఆమె దగ్గరికొచ్చాడు. డబ్బాలో ఇంకో ముద్ద మిగిలి ఉంది. దాన్ని చూపిస్తూ, అడగలేక అడగలేక అడిగాడు.

"నాకు చెయ్యి పైన నిలవదమ్మా. నీకు పిలిచేది తెలుసు. రాజలక్ష్మి పోయినప్పటినుంచీ ఒక్క నెల గూడా తినలేదు. ఆమె నీకేం చెయ్యలేదు గదా."

లేదు పొమ్మనడానికి నాగరత్నకు పూర్తి హక్కుంది. ఆ మాట నాలుక చివర్నే ఉంది. అతను చెయ్యి చాచి అడుగుతున్నాడు, ఇవ్వకుండా పోవడం ఎంత సులువు. ఆమె ఆయన ముఖంలోకి చూసి, వరండాలోకి పోయి తన టిఫిను డబ్బా తెరిచింది. చింతపండు అన్నం పక్కన అరలో పెరుగన్నం ఉంది. చేతులు కడుక్కుని అందులోంచి గుప్పెడు ముద్ద చేసుకుంది. గోడ దగ్గరికి పోలేదు, చెట్టు చాటుకు పోలేదు. పెరటి నడిమధ్యలో, అందరికీ కనబడేచోట నిలబడింది.

చెయ్యి లేవలేదు. మోచెయ్యి దగ్గరే బిగుసుకుపోయింది. వెనకాల ఇంతమంది, అందరి కళ్ళూ తన అరచేతి మీదే. ధర్మం చెయ్ తల్లీ, అని ఎవరో పాడుతున్నట్టే ఉంది. నాగరత్న కళ్ళు మూసుకుని, ఆ పాట పాడినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టింది. తిట్టడం అయ్యేసరికి చెయ్యి పైకి లేచి ఉంది.

"రా నాయనా" అని చిన్నగా పిలిచింది. "రా హనుమప్పా. చానా ఆలస్యమైపోయింది. రా."

పక్క షెడ్డు రేకుల మీద ఒక కాకి వాలింది. ఆమె దానివైపు చూడలేదు. అది గోడమీదికి దిగింది. తల వంచి చూసింది. వరండాలో ఎవరూ కదల్లేదు, ఈసారి కెమెరా కూడా ఎత్తలేదు. కాకి ఎగిరి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది. గోళ్ళు చర్మంలో దిగాయి. ఒక ముక్క తీసుకుంది, మింగింది, మళ్ళీ తీసుకుంది. నాగరత్న కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు.

అది చూసి శ్రీనివాసమూర్తి అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకు వచ్చాడు. ముద్ద పట్టుకున్న చెయ్యి మెల్లగా కాకి వైపు జరిపాడు.

"ఆగండి సార్" అంది నాగరత్న, తల తిప్పకుండానే. "ముందు మా నాయన. ముప్పై ఏండ్ల ఆకలి ఉండాది ఆయనకు. ఆయన తిన్నాకనే మీ ఆమె. అంతదాకా ఆయమ్మను వెనకాల నిలబడమనండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాకి చివరి మెతుకుదాకా ఏరుకుని తినింది. నాగరత్న రెండో చేత్తో వినుతకు సైగ చేసి, టిఫిను డబ్బా తెప్పించుకుని, మిగిలిన పెరుగన్నమంతా తీసి మళ్ళీ తన అరచేతిలోనే పెట్టుకుంది. కాకి ఎక్కడికీ పోలేదు. శ్రీనివాసమూర్తి ముద్ద పట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు.